పొద్దు ఎత్తు, పొలము ఎత్తు

"బారెడు పొద్దెక్కినది, ఇంకను చేలోనికి దిగలేదా?" అని పెద్దలు కోప్పడుట మనమందరము విన్నదే. ఆ పెద్దలే వానకాలములో "నిన్నటికి నేటికి కొల్లేరు జానెడు ఎక్కినది" అందురు. పొద్దెక్కుట, నీరెక్కుట రెంటికిని మన భాషలో మాట ఒక్కటే. బార, జాన అను కొలత పేర్లును ఒక్క చేతినుండి పుట్టినవే. కాని కొలువబడిన వస్తువులు మాత్రము వేరు. నీరు జానెడు ఎక్కినదన్నచో గట్టున ఒక కర్ర పాతి, జానతో కొలిచి చూపవచ్చును. పొద్దు బారెడు ఎక్కినదన్నచో ఎవరును నిచ్చెన వేసి కొలువలేరు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. ఆ బార నిజమైన బార కాదు. నేల అంచునకును సూర్యునికిని నడుమ మన కంటి వద్ద ఏర్పడిన కోణమును మన పెద్దలు బార అనిరి.

ఇది బడిపిల్లల లెక్క గదా, రైతునకు దీనితో పని యేమని మీరు అడుగవచ్చును. కలిదిండి, కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతముల రైతునకు దీనితో చాలా పని ఉన్నది. గట్టు మీద కొబ్బరి ఏ వైపున నాటవలెనన్నది కోణమును బట్టి తేలును. తూము ఎంత లోతున పెట్టవలెను, మురుగు ఏ వైపునకు పోవును, చేను కొల్లేటి ఐదవ కాంటూరునకు లోపల ఉన్నదా వెలుపల ఉన్నదా అన్నది ఎత్తును బట్టి తేలును. ఒకదానిని రెండవదిగా పొరబడినచో కంటికి పల్లముగా తోచిన వైపునకు కాలువ త్రవ్వి, నీరు వెనుకకు వచ్చినప్పుడు విచారింపవలసి వచ్చును.

పొద్దు ఎత్తు

ముందు పొద్దు సంగతి చూతము. చేయి బాగుగా ముందునకు చాచి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూడుడు. చూపుడు వ్రేలినుండి చిటికెన వ్రేలివరకు పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు ఆక్రమించును. నేల అంచు నుండి పిడికిలిపై పిడికిలి పెట్టుచు పోయినచో తొమ్మిదవ పిడికిలికి నడినెత్తి వచ్చును. చిన్నవాని చేయి పొట్టి, పిడికిలియు చిన్నది. పెద్దవాని చేయి పొడవు, పిడికిలియు పెద్దది. కావున ఈ కొలత ఇద్దరికిని ఇంచుమించు సరిపోవును. సూర్యుని వైపు సూటిగా చూడరాదు. ఉదయము ఎర్రగా ఉన్నప్పుడైనను కంటికి చెరుపే. దీనిని చంద్రునితోనో, చుక్కలతోనో అలవాటు చేసికొనుడు. సూర్యునికి నీడ చాలును.

చుక్కలలో మొదట ధ్రువనక్షత్రమును చూడుడు. కలిదిండి నుండి చూచినచో అది ఉత్తరపు అంచు నుండి పిడికిలిన్నరకు కొంచెము పైన, అనగా దాదాపు 16½ డిగ్రీల ఎత్తున కనిపించును. ఇది యాదృచ్ఛికము కాదు. భూమధ్యరేఖ నుండి మన ఊరు ఉత్తరముగా 16½ డిగ్రీలు ఉన్నది. ధ్రువుని ఎత్తు ఎప్పుడును మీరు నిలిచిన చోటి అక్షాంశమునకు ఇంచుమించు సమానముగా ఉండును. ధ్రువుడు మన కంటికి తక్కువ ఎత్తున ఉన్నాడని మనకు దగ్గరగా ఉన్నాడనుకొనరాదు. ఈ కోణము మనము భూగోళముపై ఎక్కడ నిలిచితిమో చెప్పును గాని నక్షత్రపు దూరమును చెప్పదు.

ఇక నడిమధ్యాహ్నపు సూర్యుడు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములలో అతడు కలిదిండిలో దక్షిణపు అంచు నుండి 73½ డిగ్రీలు ఎక్కును. డిసెంబరు 22 నాడు 50 డిగ్రీలు మాత్రమే. జూన్ 21 నాడు నడినెత్తిని దాటి ఉత్తరము వైపునకు పోయి, ఆ వైపు అంచు నుండి 83 డిగ్రీల ఎత్తున ఉండును. ఈ రెంటి నడుమ, మే మొదటి వారములో ఒకసారి, ఆగస్టు మొదటి వారము చివర ఒకసారి, సరిగా నడినెత్తిపై నిలుచును. ఆ దినములలో నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. గడియారములో పన్నెండు దాటిన కొద్ది నిమిషములకు చూడుడు. మన దేశపు గడియారములు కాకినాడకు చేరువగా పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి నడచుచున్నవి. మన ఊరు దానికి పడమర ఉన్నందున మన మధ్యాహ్నము కొద్దిగా ఆలస్యము.

దీని ఉపయోగము గట్టు మీద కనిపించును. తూర్పు పడమరలుగా పోవు గట్టున 40 అడుగుల కొబ్బరి ఉన్నదనుకొందము. డిసెంబరు చివర, దాళ్వా నారు, నాట్లు సాగు రోజులలో, నడిమధ్యాహ్నమున కూడ దాని నీడ 33 అడుగులకు పైగా ఉత్తరమునకు పడును. జూన్ చివర అదే చెట్టు నీడ దక్షిణమునకు 5 అడుగులే. కనుక చేనికి దక్షిణపు గట్టున వరుసగా కొబ్బరి నాటినవాడు సార్వాలో నష్టము ఎరుగడు. దాళ్వాలో గట్టు ప్రక్క మళ్లు పలుచబడినప్పుడు ఎరువు లోపమనుకొని మరికొంత యూరియా చల్లును. ఉత్తరపు గట్టున నాటినచో నీడ తన చేనిలో పడదు గాని ప్రక్క రైతు చేనిలో పడును. అటు వైపు బాటయో, మురుగు కాలువయో ఉన్నచో చిక్కు లేదు. లేనిచో నాటుటకు ముందే ప్రక్కవారితో మాటలాడుకొనుట మంచిది. ఉదయపు నీడ పడమరకు, సాయంకాలపు నీడ తూర్పునకు మిక్కిలి పొడవుగా పడుట నిజమే గాని అది నిలుకడగా ఒకచోట ఉండదు. సౌర పంపు పెట్టుకొనువారు పలకలను దక్షిణమునకు త్రిప్పి, దాదాపు 16½ డిగ్రీలు వాల్చి బిగించుట కూడ ఈ లెక్కను బట్టియే.

కోణము నుండి ఎత్తునకు

కోణము తెలిసినంత మాత్రమున ఎత్తు తెలియదు. 40 అడుగుల తాటిచెట్టునకు 40 అడుగుల దూరమున, కన్ను నేలకు చేర్చి చూచినచో దాని తల 45 డిగ్రీల కోణమున కనిపించును. అదే చెట్టును 400 అడుగుల దూరము నుండి చూచినచో ఆరు డిగ్రీలు కూడ ఉండదు. చెట్టు మారలేదు, మీరు మారితిరి. కోణము చూచువాని చోటును బట్టి మారును. ఎత్తు వస్తువునకే చెందినది. కోణముతో పాటు దూరము కూడ తెలిసినప్పుడే ఎత్తు చేతికి వచ్చును.

నీడలతో ఈ పని సులువుగా చేయవచ్చును. 3 అడుగుల కర్రను నిటారుగా పాతుడు. దాని నీడ 2 అడుగులు ఉన్న క్షణముననే చెట్టు నీడను కొలువుడు. అది 28 అడుగులైనచో చెట్టు ఎత్తు 42 అడుగులు. కర్ర నీడ కర్రతో సమానమైన వేళ, అనగా సూర్యుడు 45 డిగ్రీలున్న వేళ, లెక్కయే అక్కరలేదు. చెట్టు నీడ ఎంతయో చెట్టు అంతయే.

ఈ పద్ధతినే పెద్దగా చేసి హిమాలయములను కొలిచిరి. 1802లో లాంబ్టన్ అను సర్వే అధికారి మద్రాసు వద్ద ఒక ఆధారరేఖను గొలుసుతో మిక్కిలి జాగ్రత్తగా కొలిచి, దానిపై త్రికోణములు కట్టుచు పోయెను. ఆ త్రికోణములు ఉత్తరమునకు సాగి, 1849-50లో బీహారు మైదానములకు చేరినప్పుడు, వంద మైళ్లకు మించిన దూరము నుండి ఒక శిఖరమునకు కోణములు తీసిరి. ప్రపంచములోకెల్ల ఎత్తయిన ఆ కొండ వారి కంటికి రెండు మూడు డిగ్రీలకు మించి లేవలేదు! లెక్కలు కట్టినవారిలో ముఖ్యుడు బెంగాలీయుడగు రాధానాథ్ సిక్దార్. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాల్, చైనా దేశములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. అంత దూరము నుండి తీసిన కోణమునకు ముప్పది అడుగుల తేడా అత్యల్పమని ఒప్పుకొనవలెను. గాలిలో చూపు వంగుట వలన అంతకంటె పెద్ద పొరపాటే వచ్చియుండవచ్చును.

కాని ఆ ముప్పది అడుగుల తేడాను కొల్లేటి ప్రాంతమునకు తెచ్చినచో ఏమగును? సరస్సు, గ్రామములు, రోడ్లు, గట్లు అన్నియు ఆ తేడాలో మునిగిపోవును. కొండకు పనికివచ్చిన పద్ధతి మన చేలకు పనికిరాదు.

కన్ను ఎందుకు మోసపోవును

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీలో నిండు నీటి మట్టము సముద్ర మట్టముపై 57 అడుగులు. అచ్చటి నుండి కొల్లేటి లోపలికి సుమారు 60 కిలోమీటర్లు. సరస్సు అంచును 5 అడుగుల మట్టము వద్ద తీసికొన్నచో ఈ 60 కిలోమీటర్లలోను నేల దిగినది 52 అడుగులు. కిలోమీటరునకు పది అంగుళములు చిల్లర. దీనిని కోణముగా మార్చినచో డిగ్రీలో అరువదవ వంతునకు కూడ రాదు. సూర్యబింబము మన కంటికి అర డిగ్రీ వెడల్పున కనిపించును. మన డెల్టా వాలు ఆ బింబపు వెడల్పులో ముప్పదవ వంతు మాత్రమే. ఇంత సన్నని వాలును చూడగల కన్ను మానవునకు లేదు. చేను గట్టున నిలిచి "ఇటు పల్లముగా ఉన్నది" అనువాడు వాలును చూచుట లేదు. పైరు ఎత్తును, గట్టు నీడను, దూరపు చెట్ల వరుసను చూచుచున్నాడు. నీరు మాత్రము మోసపోదు.

కొల్లేటి నుండి సముద్రమునకు పోవు దారి ఇంకను కష్టమైనది. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియును. ఐదవ కాంటూరు నుండి సముద్రము వరకు దిగుడు 5 అడుగులే గనుక కిలోమీటరునకు ఒక్క అంగుళము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు పొంగి నీరు తెచ్చినప్పుడు అది త్వరగా దిగకుండుటకు ఈ అంగుళమే ముఖ్య కారణము. పూడిక, గుర్రపుడెక్క, అడ్డుకట్టలు దానికి తోడగును. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తరువాత ఆ నీరు కొల్లేటికి చేరి, ఇచ్చటి లంక గ్రామములను చుట్టుకొన్న సంగతి మీకు తెలిసినదే. వేసవిలో సరస్సు మట్టము తగ్గినప్పుడు ఇదే దారిన పోటు నీరు ఎగువకు ఎక్కి, ఉప్పును తెచ్చును. వాలు అంత తక్కువైనచో నీరు ఏ వైపునకైనను పోవును.

నదులు తమ ఒడ్డుననే ఎక్కువ ఒండ్రు వదలుట వలన కృష్ణ, గోదావరి ఒడ్డులు మెరకలైనవి. రెంటి నడుమ మిగిలిన పల్లము కొల్లేరు. అందుచేతనే పంట కాలువలను మెరకల మీదుగను, మురుగు కాలువలను పల్లముల వెంబడిని నడిపిరి.

పొలము ఎత్తు: ఎచ్చటి నుండి?

ఎత్తు అనగానే "ఎచ్చటి నుండి?" అని అడుగవలెను. గట్టు 5 అడుగులన్నచో చేని మట్టము నుండి. చెరువు 5 అడుగులన్నచో గట్టు నుండి లోపలికి. ఐదవ కాంటూరు అన్నచో సముద్రపు సగటు మట్టము నుండి. మూడును ఐదే, మూడును వేర్వేరు చోట్లు. ఐదడుగుల గట్టు వేసినంత మాత్రమున చేను ఐదవ కాంటూరు మీదికి రాదు.

సముద్రము గంటకొక ఎత్తున ఉండును గదా, దాని మట్టమేది? తీరములలో ఆటుపోటులను చాలకాలము వరుసగా కొలిచి సగటు తీయుదురు. మన దేశపు సున్నను అట్లు తొమ్మిది రేవుల కొలతలను బట్టి 1909 నాటికి స్థిరపరచిరి. వానిలో విశాఖపట్టణము, మద్రాసు, నాగపట్టణము కూడ ఉన్నవి. ఆ సున్న నుండి దేశమంతటను ఎత్తులు మోసికొనిపోయి, వంతెనలపైనను రాళ్లపైనను గుర్తులు చెక్కిరి. వానిని బెంచి మార్కులందురు.

కొల్లేటి లెక్కను ఈ సున్న నుండి చూడుడు. సరస్సు మూడవ కాంటూరు వద్ద 135 చదరపు కిలోమీటర్లు. ఐదవ దాని వద్ద 308. ఏడవ దాని వద్ద 675. పదవ దాని వద్ద 901. ఐదునకు ఏడునకు నడుమ నిలువున రెండే అడుగులు. నేలపై 367 చదరపు కిలోమీటర్లు, అనగా 90,000 ఎకరములకు పైమాట. సగటున ఒక్క అంగుళమునకు 3,700 ఎకరములకు మించి వచ్చును. కొండ ప్రాంతములో అంగుళమును ఎవరును లెక్కింపరు. ఇచ్చట అంగుళము ఒక గ్రామము.

ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో సరస్సును రామ్సార్ జాబితాలో చేర్చిరి. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేసిరి. కనుక చేను కొనువారు, కౌలునకు తీసికొనువారు, చెరువు త్రవ్వదలచినవారు అమ్మకందారు నోటిమాటను గాని, గట్టు ఎత్తును గాని నమ్మరాదు. ప్రభుత్వ పటములోని సర్వే నెంబరును చూపించుకొని వ్రాతమూలముగా తెలిసికొనవలెను. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో నుండిన కలిదిండి మండలము ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. పాత పటములందు జిల్లా పేరు వేరుగా ఉండును గాని ఎత్తు అంకెలు జిల్లాతో మారవు. మారునది అడుగులు, మీటర్లు. ఐదవ కాంటూరు అనగా 5 అడుగులు, మీటర్లలో 1.52. పటములో 5 మీటర్లని ఉన్నచో అది 16 అడుగులకు పైమాట.

చేతిలోని ఫోను చూపు ఎత్తును ఈ పనికి వాడరాదు. దాని పొరపాటు తరచు అనేక మీటర్లు ఉండును. అదియును గాక కొన్ని ఫోనులు సముద్ర మట్టము నుండి గాక, భూమి ఆకారమునకు గణితముతో కట్టిన ఒక నున్నని గోళాకృతి నుండి ఎత్తు చూపును. దక్షిణ భారతమున ఆ ఆకృతి సముద్ర మట్టమునకు పదుల మీటర్లు పైన ఉన్నందున, మీరు పొడి గట్టు మీద నిలిచియుండగా సముద్రములో లోతున ఉన్నట్లు అంకె వచ్చును.

కోణమును సున్న చేయుట

సరియైన ఎత్తు కొలుచువారు కోణమును పూర్తిగా మానరు. దానిని సున్న చేయుదురు. సర్వేవారి లెవెలు దూరదర్శిని పైకిగాని క్రిందికిగాని చూడదు. అడ్డముగా, సున్న డిగ్రీల వద్ద నిలిచి, ఎదుట పట్టిన అంకెల కర్రపై చూపు ఎచ్చట తాకెనో చూపును. భూమి గుండ్రనిది గనుక ఒక కిలోమీటరు దూరమునకే ఈ అడ్డపు చూపు నీటి మట్టము కంటె సుమారు 8 సెంటీమీటర్లు పైకి పోవును. అందుచేత యంత్రమును రెండు కర్రలకు నడుమ సమదూరమున నిలుపుదురు; అప్పుడు రెండు వైపుల పొరపాటు సమానమై పోవును.

మీ చేనిలో తూము మట్టమునకు, మళ్ల చదునునకు అంత యంత్రము అక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడు స్పష్టమైన నీటి గొట్టము, అంగుళముల గుర్తులు గల రెండు కర్రలు చాలును. గొట్టము రెండు కొనలను కర్రలకు ఆనించి పట్టినప్పుడు రెండు వైపుల నీటి మట్టము సమానముగా నిలుచును. కల్వర్టుపై తెలిసిన గుర్తు 8.60 అడుగులని అనుకొందము. అచ్చట కర్రపై నీరు 3.20 వద్దను, చేనిలో 4.45 వద్దను నిలిచినచో చేను 1.25 అడుగులు పల్లము, అనగా 7.35. పెద్ద అంకె వచ్చిన చోటు పల్లమని గుర్తుంచుకొనుడు. క్రొత్తవారు దీనిని తలక్రిందులు చేయుదురు. దూరమెక్కువైనచో నడుమ మేకులు పాతి, ఒకదాని నుండి ఒకదానికి మోసికొనిపోవలెను.

మురుగు తూము పెట్టుటకు ముందు మీ చేని మట్టమునే గాక, అది కలియు కాలువలో నీటి మట్టమును కూడ ఇట్లే కొలువుడు. ఉప్పుటేటికి చేరువనున్నవారు పోటునందు ఒకసారి, ఆటునందు ఒకసారి కొలువవలెను. చేను రెంటికి నడుమ ఉన్నచో తూమునకు తలుపు తప్పనిసరి. గొట్టము ఎండలో పడియుండరాదు, ఒక కొన వెచ్చబడినచో నీరు సమముగా నిలువదు. పని ముగించి తిరిగి కల్వర్టు గుర్తు వద్దకు వచ్చి కొలిచి చూడుడు. మొదటి అంకెకును దీనికిని అర అంగుళమునకు మించి తేడా వచ్చినచో గొట్టములో ఎచ్చటనో గాలి బుడగ ఉన్నదన్నమాట. దానిని తీసివేసి మొదటి నుండి కొలువవలెను.